ఇవ్వం, ఇవ్వలేం



రెండు మాటలు చెబుతాను, చెవి ఒగ్గి వినండి. ఒకటి: ఇవ్వం. రెండోది: ఇవ్వలేం. మళ్లీ చెబుతాను. ఇవ్వం. ఇవ్వలేం. రెండింటికీ మధ్య ఉన్న తేడా ఒకే ఒక్క అక్షరం, "లే". ఇరవై ఏడేళ్లపాటు ఆ అక్షరం నా చెవిన పడుతూనే ఉంది. దాన్ని కాగితం మీదికి రానివ్వకపోవడమే నా ఉద్యోగం.

ఉత్తరాంధ్రలో ఒక జనపనార మిల్లులో నేను స్టెనోని. మిల్లు పేరు చెప్పను. అది మూతపడి చాలాకాలమైంది, నేను చెప్పబోయే మనుషుల్లో సగంమంది ఇప్పుడు లేరు. మూడు షిఫ్టులు, గోనె సంచులు, గాలిలో ఎప్పుడూ తేలే నార దుమ్ము. 1979లో చేరినప్పుడు పర్సనల్ డిపార్టుమెంటులో నాకు అప్పగించినవి ఒక పాత రెమింగ్టన్ టైపు మిషను, అరడజను షార్టుహ్యాండు పుస్తకాలు, ఒక కుర్చీ. ఆ కుర్చీ మేనేజరుగారికి వెనకాల, కాస్త ఎడంపక్కకి ఉండేది. యూనియన్ వాళ్లు వచ్చి ఎదురుగా కూర్చున్నప్పుడల్లా నేను ఆ కుర్చీలో ఉండాలి. మాటలన్నీ తెలుగులో నడిచేవి. నేను రాసుకునేది పిట్‌మన్ షార్టుహ్యాండు, అదీ ఇంగ్లీషులో. అంటే ఎదుటివాడు తెలుగులో నోరు మూసేలోపు నా బుర్రలో అది ఇంగ్లీషై, చేతిలో గీతలై, సాయంత్రానికి మూడు కార్బన్ కాపీలై బయటపడాలి. వాటిని మినిట్స్ అనేవాళ్లు.

మేనేజరు "ఇవ్వం" అన్నా, "ఇవ్వలేం" అన్నా నా మిషను మీద పడే వాక్యం ఒకటే: "మేనేజ్‌మెంట్ రిగ్రెటెడ్ ఇట్స్ ఇనెబిలిటీ." మావల్ల కావడం లేదని చింతిస్తున్నాం అని దాని అర్థం. నాకన్నా ముందున్న స్టెనో నేర్పిన వాక్యం అది, ఆయనకు ఆయన ముందువాడు నేర్పాడు. "ఇవ్వం" అన్న మనిషి నిజానికి ఏమీ చింతించలేదు, బల్ల మీద గుద్ది మరీ అన్నాడు. అయినా నా కాగితం మీద చింతించాల్సిందే. కూతుర్ని అత్తారింటికి పంపే తండ్రులు కూడా మా మేనేజర్లు చింతించినంతగా చింతించి ఉండరు.

ఇంత చిన్న అక్షరం గురించి ఇంత రాద్ధాంతం ఎందుకని మీకు అనిపించవచ్చు. "ఇవ్వం" అంటే డబ్బుంది, మనసు లేదు. "ఇవ్వలేం" అంటే మనసుంది, డబ్బు లేదు. మొదటి మాటకు ఎదురు చెప్పాలంటే బలం కావాలి, గేటు ముందు జనం కావాలి. రెండో మాటకు ఎదురు చెప్పడానికి ఒక్క ప్రశ్న చాలు: "ఏదీ, లెక్కలు చూపించండి."

ఇది నా సొంత తెలివనుకునేవాణ్ణి. రిటైరయ్యాక మా అల్లుడు చెబితే తెలిసింది, అమెరికాలో దీనిమీద సుప్రీంకోర్టు దాకా వెళ్లారట. అతను లాయరు. ట్రూయిట్ అనే ఇనుప పనుల కంపెనీ ఒకటి ఉండేది. కార్మికులు గంటకు 10 సెంట్లు పెంచమన్నారు. రెండున్నర సెంట్లు దాటితే కంపెనీ మునిగిపోతుంది, ఇవ్వలేం అన్నారు వీళ్లు. అయితే లెక్కల పుస్తకాలు చూపించండి అన్నారు వాళ్లు. అది మీకు సంబంధం లేని విషయం అన్నారు వీళ్లు. 1956లో కోర్టు తేల్చిన సంగతి ఏమిటంటే, చిత్తశుద్ధితో బేరం ఆడాలని చట్టం చెబుతోంది కాబట్టి డబ్బు లేదని చెప్పేవాడు ఆ లేమికి రుజువు చూపించక తప్పకపోవచ్చు. ఆ పైన అక్కడి యజమానులకు వాళ్ల వకీళ్లు చెప్పే మొదటి పాఠం ఇదేనట: బేరంలో కూర్చున్నప్పుడు పొరపాటున కూడా "ఇవ్వలేం" అనకండి, "ఇవ్వం" అనండి. మర్యాదగా మాట్లాడితే లెక్కలు చూపించాల్సి వస్తుంది, మొండిగా మాట్లాడితే అక్కర్లేదు. చూశారా, చట్టాలు మనుషుల నాలుకల్ని ఎటు తిప్పుతాయో!

మన దేశంలో ఆ మాటకు ఇంకొక హద్దు పడింది. క్రౌన్ అల్యూమినియం వర్క్స్ కేసులో మన సుప్రీంకోర్టు, బతకడానికి చాలే కనీస కూలి కూడా ఇవ్వలేని పరిశ్రమకు నడిచే హక్కే లేదని చెప్పింది. అంటే కనీస కూలి దగ్గర "ఇవ్వలేం" చెల్లదు. దానికి పైన మాత్రమే చెల్లుతుంది. మా మిల్లులో మాటలన్నీ ఆ పైన నడిచేవే.

ఇక "మనం" సంగతి.

మా మిల్లుకు మేనేజర్లు ఎక్కువగా కలకత్తా వైపునుంచి వచ్చేవారు. జనపనార వ్యాపారానికి పుట్టిల్లు అదే కదా, హుగ్లీ నది ఒడ్డు. అలా వచ్చినవాళ్లలో ఒకాయన పట్టుబట్టి తెలుగు నేర్చుకున్నారు. మంచి మనిషి. అయితే బెంగాలీలో "మేము" అన్నా "మనం" అన్నా ఒకటే మాట, "ఆమ్రా". హిందీలోనూ అంతే, ఇంగ్లీషులోనూ అంతే. మనకూ తమిళులకూ మలయాళీలకూ మాత్రం రెండు వేరు వేరు మాటలు. ఎదురుగా ఉన్నవాణ్ణి కలుపుకుంటే "మనం", బయట నిలబెడితే "మేము". ఈయన ఆ రెండింట్లో "మనం" ఒక్కటే నేర్చుకున్నారు. వేతనాల చర్చ. ఎదురుగా పదకొండుమంది యూనియన్ వాళ్లు. ఈయన గొంతు సవరించుకుని, "ఈ సంవత్సరం మనం జీతాలు పెంచలేము" అన్నారు.

వెనక వరసలో వీవింగులో పనిచేసే ఒక ముసలాయన ఉన్నాడు. ఎప్పుడూ మాట్లాడడు. ఆరోజు మాత్రం, "పెంచొద్దులెండి బావూ. లాబమే పంచీసుకుందాం మనం" అన్నాడు.

గది గదంతా ఘొల్లుమంది. మేనేజరుగారు కూడా నవ్వారు, ఎందుకో తెలియకపోయినా. మినిట్స్‌లో దీన్ని ఎలా రాయాలో నాకు తోచలేదు. "వియ్" అని రాస్తే జోకు పోతుంది. రాయకుండా వదిలేశాను.

ఆ తరవాత వచ్చినాయన మన తెలుగువాడే, గోదావరి జిల్లా మనిషి. ఆయనకు "మనం" పొరపాటు కాదు, తేనె. "మనదే కదండీ ఈ మిల్లు, మనం కాకపోతే ఎవరు కాపాడుకుంటారు దీన్ని?" అనేవారు. యూనియన్ ప్రెసిడెంటు దానికో విరుగుడు కనిపెట్టాడు. "మనం" అని వినపడ్డప్పుడల్లా తలెత్తి, చాలా వినయంగా, "మనం అంటే ఎవరెవరండీ?" అనేవాడు. ఆ ప్రశ్న రెండుసార్లు పడిందంటే ఆ పూటకి తేనె సీసా మూత బిగిసేది.

కానీ ఒక సంగతి నా కుర్చీలోంచి మాత్రమే కనపడేది. పొద్దున్నుంచీ "మేము, మేము" అంటున్న కార్మికుల వైపునుంచి ఎప్పుడో మధ్యాహ్నం మూడింటికి, అలసిపోయి, మొట్టమొదటి "మనం" వచ్చేది. "మనం ఏదో ఒకటి తేల్చుకుని లేవాలి కదండీ" అని. అది అన్నవాడికి కూడా తాను అన్నట్టు తెలిసేది కాదు. ఆ మాట వినగానే నేను పెన్నుకి టోపీ పెట్టి, ఇవాళో రేపో టైపు కాగితాలు ఎక్కువ తెప్పించాలి అనుకునేవాణ్ణి. ఒప్పందం దగ్గరపడిందన్నమాట. నా లెక్క తప్పిన రోజులు తక్కువ.

ఈమధ్య మా మనవరాలికి హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉద్యోగం ఇస్తామంది. జీతం మాటలు ఫోనులోనే. పిల్ల ఇంగ్లీషులో దంచేస్తోంది, ఎంత కావాలో అంకెతో సహా నదురూ బెదురూ లేకుండా చెప్పింది. "తెలుగులో అడిగితే చెయ్యి చాపినట్టుంటుంది తాతయ్యా, ఇంగ్లీషులో అడిగితే ఉద్యోగం చేసినట్టుంటుంది" అంది అంతకుముందే. అంకె విన్నాక అవతలి హెచ్‌ఆర్ అబ్బాయి కాసేపు మాట్లాడలేదు. తరవాత గేరు మార్చాడు. "చూడండి మేడమ్, మనం మనం తెలుగువాళ్లం..." అన్నాడు. అంతే. పిల్ల మెత్తబడిపోయింది. రెండు నిమిషాల్లో అడిగినదాంట్లోంచి లక్షన్నర తగ్గించేసుకుంది. ఫోను పెట్టాక అడిగాను: "ఇవ్వం అన్నాడా, ఇవ్వలేం అన్నాడా?" ఆలోచించింది. "బడ్జెట్ లేదన్నాడు." అదో కొత్త మాట. అందులో ఇచ్చేవాడూ లేడు, ఇవ్వనివాడూ లేడు. మా మిల్లు మేనేజర్లకు అది తెలిసి ఉంటే ఎంత సుఖపడేవారో!

అన్నట్టు, మా రోజుల్లో దానికి దగ్గరి మాట ఒకటి ఉండేది, "పైవాళ్లు". "నాదేముందండీ, పైవాళ్లతో మాట్లాడాలి." ఆ మాట అంటుంటే మేనేజరు చూపు ఫ్యాను వైపు వెళ్లేది, డైరెక్టర్లు ఆ రెక్కల మీద కూర్చున్నట్టు. యూనియన్ ప్రెసిడెంటుకి పైవాళ్లు లేరు, బయటివాళ్లున్నారు. "నేను ఒప్పుకుంటానండీ, మా జనం ఒప్పుకోవాలి కదా" అంటూ కిటికీ వైపు చూసేవాడు. ఇలా ఇద్దరూ గదిలో లేనివాళ్లని తోడు తెచ్చుకుని పోట్లాడుకునేవాళ్లు. లేనివాళ్ల మీదికి నెట్టడం వల్ల ఉన్నవాళ్ల మధ్య మాట చెడేది కాదు. సాయంత్రం మళ్లీ ఒకరికొకరు అగ్గిపెట్టె ఇచ్చుకునేవాళ్లు.

"చూద్దాం" గురించి అయితే ఒక పూట మాట్లాడొచ్చు. క్లుప్తంగా చెబుతాను. "చూస్తాను" అంటే కొంత ఆశ. "చూద్దాం" అంటే ఇప్పట్లో కాదు. "చూడాలి" అంటే చూసేవాడు ఇంకెవడో. "చూద్దాంలెండి" అంటే మాత్రం లేచి టీకి వెళ్లిపోవచ్చు.

ఇప్పుడు అసలు కథకి వస్తాను. 1986 దసరా ముందు మాట. బోనస్ బేరం.

బోనస్ చట్టం 1965లో వచ్చింది. 1986 నాటికి దాని ప్రకారం కనీసం 8.33 శాతం, గరిష్ఠం 20 శాతం. 8.33 అంకె వింతగా ఉన్నా దాని వెనక లెక్క సులువు, ఏడాది జీతంలో పన్నెండో వంతు, అంటే నెల జీతం. మా మిల్లులో చదువురాని వాళ్లు కూడా "ఎయిట్ థర్టీత్రీ" అని తడుముకోకుండా పలికేవాళ్లు. ఎమర్జెన్సీలో ఆ కనీసాన్ని 4 శాతానికి దించేశారు. అది పోయాక 1977లో మళ్లీ ఎక్కించారు. ఆ 4 శాతం సంక్రాంతి ఎలా గడిచిందో ఇళ్లల్లో చెప్పుకునేవాళ్లు. కాబట్టి 8.33 ఎవరి దయా కాదు, చట్టం. మాటలన్నీ దానికీ 20కీ మధ్య ఉన్న మైదానంలోనే జరగాలి.

యూనియన్ 20 అంది. కంపెనీ 8.33 అంది. మొదటి రోజు ఇరుపక్షాలూ ఇంతకన్నా ఏమీ అనకూడదు, అది ఆనవాయితీ. రెండో రోజు యూనియన్ 16కి దిగింది, కంపెనీ 9కి ఎక్కింది. మూడో రోజు 14, తొమ్మిదిన్నర. నాలుగో రోజు 13, తొమ్మిది ముప్పావు. అనుభవం లేనివాడు ఈ అంకెల్ని చూస్తాడు. అనుభవం ఉన్నవాడు అంకెకీ అంకెకీ మధ్య అడుగు ఎంత కురచవుతోందో చూస్తాడు. నాలుగు, రెండు, ఒకటి: యూనియన్ అడుగులు సగానికి సగం తగ్గుతున్నాయి. అవతల ముప్పావు లోపు, అర, పావు. ఇంక ఎవరి కాళ్లు ఎక్కడ ఆగుతాయో నా బోటి గుమాస్తా కూడా చెప్పేయగలడు. పన్నెండు దగ్గర ఎక్కడో యూనియన్, పది దగ్గర ఎక్కడో కంపెనీ. మిగిలింది ఆ గుంట దాటడమే.

ఆ నాలుగో రోజే మేనేజరుగారు, ఆ గోదావరి ఆయనే, విసిగిపోయి అన్నారు: "తొమ్మిది ముప్పావు పైన పైసా ఇవ్వలేమండీ."

ఆ రోజుల్లో నాకొక దురలవాటు ఉండేది. పిట్‌మన్ గీతల మధ్య, మార్జిన్‌లో, ఎప్పుడైనా "లే" వినపడితే తెలుగులో "లే" అని చిన్నగా రాసుకునేవాణ్ణి. ఎందుకో చెప్పలేను. అంతా ఇంగ్లీషైపోతుంటే ఒక్క అక్షరమైనా అన్నది అన్నట్టు ఉండనీ అనిపించేది కాబోలు. ఆరోజూ రాసుకున్నాను. సాయంత్రం మామూలుగానే "రిగ్రెటెడ్ ఇట్స్ ఇనెబిలిటీ" టైపు చేసి, మూడు కాపీలూ సంతకాలకు పెట్టాను. ఒక కాపీ యూనియన్‌కి వెళ్లింది.

మర్నాడు ప్రెసిడెంటు కూర్చుంటూనే ఆ కాగితం తీశాడు. ఆయన ఒకప్పుడు స్పిన్నింగులో పనిచేసినవాడు. హైస్కూలు చదువు, కానీ పేపరు చదివి చదివి ఇంగ్లీషు బాగానే పట్టుకున్నాడు.

"నిన్న ఇవ్వలేం అన్నారు. ఏదండీ, బ్యాలెన్స్ షీటు చూపించండి."

"నేను ఇవ్వం అన్నాను" అన్నారు మేనేజరు.

"కాదండీ. ఇవ్వలేం అన్నారు."

మేనేజరు నా వైపు తిరిగారు. ఇరవై రెండు కళ్లు కూడా తిరిగాయి. "ఏమయ్యా, నీ నోట్సులో ఏముంది?"

నేను కంపెనీ మనిషిని. జీతం కంపెనీది. మార్జిన్‌లో "లే" నా బొటనవేలి కింద ఉంది. నేనేమీ అనకముందే ప్రెసిడెంటు టైపు కాగితాన్ని బల్ల మీద జరిపాడు. "ఆయన్నెందుకండీ అడగడం, మీరు సంతకం పెట్టిందే ఉంది కదా. ఇనెబిలిటీ. ఇనెబిలిటీ అంటే చేతకాకపోవడమే కదండీ?"

ఎన్నేళ్లుగానో ఎవరూ చదవకుండా సంతకాలు పెట్టిన వాక్యం అది. మర్యాద కోసం పుట్టి, అలవాటుగా బతికి, ఆరోజు ఎదురు తిరిగింది. మేనేజరు ముందు నన్ను చూశారు, తరవాత ఫ్యానుని చూశారు. మధ్యాహ్నానికి బ్యాలెన్స్ షీటు బల్ల మీదికి వచ్చింది. నూలు నిల్వలు ఎంత, గోదాములో సంచులు ఎన్ని, తరుగుదల కింద ఎంత రాశారు అన్నీ వాళ్లు వేళ్లు పెట్టి చదివారు. వీవింగు ముసలాయన మాత్రం కాగితం ముట్టుకోలేదు. "నేకపోతే నేదనండి బావూ. ఉంచుకొని నేదనకండి" అన్నాడు. మా వైపు మాట మొదట్లో "లే" ఉంటే నోట్లో "నే" అవుతుంది.

ఆ సాయంత్రం మేనేజరుగారు నన్ను పిలిచి, ఇకమీదట ఆ వాక్యం రాయొద్దు, వేరేది రాయి అన్నారు. "ద డిమాండ్ కుడ్ నాట్ బి యాక్సీడెడ్ టు" అని టైపు చేసి చూపించాను. ఆయన చాలాసేపు చూసి, ఎర్ర పెన్నుతో "కుడ్", "బి" కొట్టేసి "వాజ్" చేశారు. "కుడ్"లో కూడా "లే" ఉందయ్యా అన్నారు. నాకు ఆయన మీద గౌరవం ఆరోజు పెరిగింది.

లెక్కలు చూసుకున్నంత మాత్రాన గుంట పూడలేదు. సమ్మె నోటీసు పడింది, వ్యవహారం లేబర్ ఆఫీసుకి ఎక్కింది. అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం, 1947 నాటిది, అందులో పన్నెండో సెక్షను కింద ఒక అధికారి ఇద్దరినీ కూర్చోబెట్టి రాజీ చెయ్యాలి. ఇప్పుడు ఆ చట్టం పోయి 2025 నవంబరు నుంచి కొత్త స్మృతి అమల్లోకి వచ్చింది. రాజీ చేసే అధికారి మాత్రం అందులోనూ ఉన్నాడు.

మాకు వచ్చిన అధికారిది వేరే విద్య. ఇద్దరినీ ఒకేచోట కూర్చోబెట్టింది అరగంట. ఆ తరవాత వీళ్లు ఒక గదిలో, వాళ్లు ఇంకో గదిలో. ఆయన మధ్యలో వరండా వెంట నడుస్తారు. నేను కంపెనీ గదిలో ఉన్నాను కాబట్టి ఒక వైపు మాటలే విన్నాను, కానీ ఒక వైపు వింటే చాలు. ఆయన ఆయుధం "ట". "వాళ్లు పన్నెండు కన్నా దిగరట." ఎవరన్నారు, ఎప్పుడన్నారు, ఏ గొంతుతో అన్నారు, ఏమీ ఉండదు. మాట వచ్చింది, మనిషి రాలేదు. వాళ్ల గదిలో అన్న కోపం వరండాలోనే ఆవిరైపోయి, మా గదికి ఉత్త "అట" వచ్చేది. రెండో ఆయుధం "ఏమో". "మీరు పది దాటితే, వాళ్లు పన్నెండు లోపుకి వస్తారేమో..." వస్తామని వాళ్లు అని ఉండరని నా నమ్మకం. దాటుతామని వీళ్లూ అనలేదు. ఎవరూ ఇవ్వని మాటను ఎవరూ తీసుకోకుండానే బల్ల మీద పెట్టి చూపించడం అది. మన సంతల్లో ఎద్దుల బేరం జరిగేటప్పుడు తువ్వాలు కింద చేతులు కలిపి వేళ్లు నొక్కుకుంటారే, అదే పని ఈయన నోటితో చేశారు. తువ్వాలు కింద కుదరకపోతే ఎవరి పరువూ పోదు, చూసినవాడు లేడు కనుక.

మన తెలుగువాళ్లు ఇలాంటి చోట రాయబారం పద్యాలు గుర్తు చేసుకుంటారు. ఆ అధికారి కూడా చేసుకున్నారు, కాస్త రాగం కూడా తీశారు. ఆ రాయబారం కుదరలేదనీ, తరవాత పద్దెనిమిది రోజులు యుద్ధం జరిగిందనీ అనబోయి ఊరుకున్నాను.

ఆయన గోడ మీద వి.వి.గిరిగారి ఫొటో ఉండేది. తరవాత రాష్ట్రపతి అయ్యారు కాబట్టి అందరికీ అలా గుర్తు. కానీ లేబర్ ఆఫీసులో ఆయన ఫొటోకి వేరే అర్థం ఉంది. మన వాల్తేరు దాకా వచ్చే బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల్ని సంఘంగా కూడగట్టిన మనిషి. 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయ్యాక, తగువుల్ని ట్రిబ్యునళ్లకి తోసేయకుండా ఇరుపక్షాలూ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలని పట్టుపట్టారు. పుస్తకాల్లో దాన్ని "గిరి అప్రోచ్" అని రాస్తారు. 1954లో బ్యాంకు ఉద్యోగుల ట్రిబ్యునల్ తీర్పును ప్రభుత్వం మార్చేస్తే పదవి వదిలేసి వచ్చేశారు. ఆ ఫొటో కింద మూడు రోజులు ఇడ్లీలు తిన్నాం.

మూడో రోజు రాత్రి పదకొండున్నర శాతం దగ్గర రెండు గదులూ ఆగాయి. అయిపోయిందనుకున్నాం. కాలేదు. డబ్బు కుదిరింది, పేరు కుదరలేదు.

కంపెనీ అన్నది ఏమిటంటే, పది శాతం బోనస్, ఆ పైన ఒకటిన్నర "ఎక్స్‌గ్రేషియా". యూనియన్ మొత్తం బోనసే అనాలంది. జేబులో పడే రూపాయి ఒకటే, కానీ వచ్చే ఏడాది బేరం ఎక్కడ మొదలవ్వాలి అన్నదే తగువు. పదకొండున్నర బోనస్ అని రాస్తే పై ఏడు దానికి దిగువన నోరు తెరవడం కంపెనీకి కష్టం. ఎక్స్‌గ్రేషియా అని రాస్తే అది దయ, దయకి ఆనవాయితీ ఉండదు. దీని మీద రెండు గంటలు. చివరికి అధికారే ఒక కాగితం మీద రాసి ఇచ్చారు: ఎక్స్‌గ్రేషియా అనే ఉంటుంది, "వితవుట్ ప్రెజుడిస్" అని ఇరుపక్షాలకూ చేరుతుంది. అంటే ఆ మాటని కంపెనీ వచ్చే ఏడాది వాడుకోకూడదు, యూనియనూ వాడుకోకూడదు. మేనేజరు, "ఇంక నా దగ్గర ఏమీ లేదు" అని అప్పటికి నాలుగుసార్లు అన్నారు. ఐదోసారి, "ఇంక ఏమీ లేదండీ, నిజంగా" అన్నారు. ప్రెసిడెంటు పెన్ను తీశాడు. ఆ "అండీ" కోసమే చూస్తున్నాడని నాకు అప్పుడు అర్థమైంది.

పన్నెండో సెక్షను మూడో ఉపసెక్షను కింద సంతకాలైతే ఆ ఒప్పందం యూనియన్ సభ్యులకే కాదు, మిల్లులో ఉన్నవాళ్లందరికీ, రేపు చేరబోయేవాళ్లకి కూడా చెల్లేది. అందుకని దాన్ని అందరికీ వినిపించాలి. మర్నాడు మొదటి షిఫ్టు దిగేవేళకి గేటు దగ్గర స్టూలెక్కి నేను చదివాను, ఇంగ్లీషు కాగితం చూస్తూ తెలుగులో. ఇరవై ఏడేళ్లలో నా పని తలకిందులైంది ఆ ఒక్కరోజే. పది శాతం అన్నప్పుడు చప్పట్లు. ఆపైన "ఎక్స్‌గ్రేషియా" దగ్గర ఆగాను. దయతో అనాలి, నిజానికి. నోరు రాలేదు.

"మిగతా ఒకటిన్నర శాతం," అన్నాను, "కంపెనీవారు ఇష్టపూర్వకంగా ఇస్తున్నారు."

గుంపులో ముందు వరసలో వీవింగు ముసలాయన ఉన్నాడు. తలపాగా తీసి దులుపుకుంటూ అన్నాడు:

"ఇట్టంగానే ఇచ్చినారేటి? మరి రెణ్ణెల్లు ఎందుకు తిప్పినారు బావూ?"